మేనరికమా, మూర్ఛ మాత్రా? మా పాప వెన్ను లోపానికి కారణం ఏదో తెలుసుకోవాలని ఉంది

మహేంద్రతనయ

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా పాపకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. పుట్టినప్పుడే నడుము దిగువన నిమ్మకాయంత నీటి బుడగ ఉంది. వెన్నెముక సరిగా మూసుకోకపోవడం వలన నరాలు ఆ బుడగలోకి వచ్చాయని, దీనిని వెన్నుపాము చీలిక లేదా స్పైనా బైఫిడా అంటారని చెప్పి మూడో రోజున శస్త్రచికిత్స చేశారు. ప్రాణగండం గడిచింది. కాని కాళ్లలో బలం చాలా తక్కువ. మూత్రం పూర్తిగా బయటికి రాదు కనుక రోజుకు నాలుగుసార్లు సన్నని గొట్టంతో తీస్తున్నాము.

నా భార్య నా మేనమామ కూతురు. ఆమెకు పదహారో ఏట మూర్ఛ మొదలైంది. అప్పటి నుంచి వాల్ప్రోయేట్ మాత్ర రెండు పూటలా వేసుకుంటోంది. ఇంట్లో ఇప్పుడు రెండు వాదనలు నడుస్తున్నాయి. ఆ మాత్రల వల్లనే బిడ్డ ఇలా పుట్టిందని మా అమ్మ అంటుంది. ఆమె నా భార్యకు స్వయానా మేనత్త, చిన్నప్పుడు తన ఒడిలో కూర్చోబెట్టుకుని జడ వేసిన మనిషి, అయినా ఈ విషయంలో ఆమె మాట కటువుగా వస్తోంది. నాతో పనిచేసే ఒడియా మిత్రుల మాట వేరు. వారి ఇళ్లలో మామ కూతురంటే చెల్లెలే కనుక, చెల్లెలిని పెళ్లాడితే బిడ్డ మరి ఎలా పుడుతుందని నా ముఖం మీదే అడిగారు.

ఈ రెండిటిలో ఏది కారణం? మరో బిడ్డను కనాలని మాకు ఆశ ఉంది. ఆ బిడ్డకు కూడా ఇలాగే జరుగుతుందా? నా భార్య రెండు వారాలుగా మాత్ర మానేస్తానని పట్టుబడుతోంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి ఉంది. ఆరేళ్లపాటు ఆమెకు ఆ మాత్ర రాసిచ్చిన వైద్యుడు, ఆమె మెడలో తాళి పడిన తరువాత కూడా అదే చీటీని తిరిగి రాసిచ్చారే కాని, పిల్లల కోసం చూస్తున్నారా అని ఒక్కసారైనా అడగలేదు.

జయపురం_పెద్దాయన

మేనరికాన్ని తప్పు పట్టడం ఈ మధ్య మొదలైన అలవాటు. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురమూ మేనరికాలే చేసుకున్నాము, మా ఇంట్లో ఒక్క బిడ్డ కూడా అవకరంతో పుట్టలేదు. పుట్టింటి ఆస్తి చెదరకుండా, ఆడపిల్ల పరాయి చోట నలిగిపోకుండా పెద్దలు ఏర్పరచిన పద్ధతి ఇది. ఒడియా వారి ఆచారం వారిది, మన ఆచారం మనది. మీరు వారి మాటకు కుంగిపోవలసిన పని లేదు.

బల్లార్షా_నివాసి

మాత్రే కారణమని నాకు అనిపిస్తోంది. ఆమె మానేస్తానంటే మాననివ్వండి. బిడ్డ కంటే మాత్ర ఎక్కువ కాదు.

బరంపురం_మందులకొట్టు

బల్లార్షా నివాసి గారి మాటను ఎవరూ పాటించవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. మూర్ఛ మాత్రను ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు, ప్రాణమే పోవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు అలా జరిగితే తల్లికీ బిడ్డకూ కూడా ఆక్సిజన్ అందదు. మహేంద్రతనయ గారూ, ఆమె మాత్ర మానలేదు కదా? ముందు ఈ ఒక్క మాటకు జవాబు రాయండి.

మహేంద్రతనయ

మానలేదు. నేనే దగ్గర కూర్చుని వేయిస్తున్నాను.

బరంపురం_మందులకొట్టు

మనసు కుదుటపడింది. నేను ఇరవై రెండేళ్లుగా బరంపురంలో మందుల కొట్టు నడుపుతున్నాను. వైద్యుడిని కాను కనుక చికిత్స చెప్పను, మందు గురించి తెలిసినది మాత్రం చెబుతాను.

వాల్ప్రోయేట్‌కు, వెన్నుపాము చీలికకు సంబంధం ఉందని 1982లోనే ఫ్రాన్సులోని లియాన్ నగరంలో గుర్తించారు. అంటే ఈ విషయం లోకానికి తెలిసి నలభై ఏళ్లు దాటింది. ఈ మందు వాడిన తల్లులకు పుట్టే ప్రతి నూరుగురు పిల్లల్లో సుమారు పదిమందికి ఏదో ఒక పెద్ద అవయవ లోపం కనబడుతుంది. ఏ మందూ వాడని తల్లుల పిల్లల్లో అది రెండు, మూడుకు మించదు. ఒక్క వెన్నుపాము చీలికనే తీసుకుంటే నూటికి ఒకరిద్దరికి వస్తుంది, ఇది మామూలు కంటే పది, ఇరవై రెట్లు. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే 2018 నుంచి ఐరోపా దేశాలలో, వేరే మందులు పనిచేయకపోతే తప్ప, పిల్లలను కనగల వయసులోని స్త్రీకి దీనిని ఇవ్వకూడదని, ఇవ్వవలసి వస్తే గర్భం రాకుండా కట్టుదిట్టం చేయాలని నియమం పెట్టారు.

అదే మూర్ఛకు లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ అనే మందులు ఉన్నాయి. మూర్ఛ మందులు వాడే గర్భిణుల గురించి 2018లో వెలువడిన అంతర్జాతీయ నమోదు లెక్కలలో ఈ రెండిటితోనూ పెద్ద లోపాలు నూటికి మూడుకు లోపే ఉన్నాయి, వాల్ప్రోయేట్‌తో పదికి పైగా ఉన్నాయి. అయితే మూర్ఛలు ఎన్నో రకాలు. కొన్నిటికి వాల్ప్రోయేట్ పనిచేసినంతగా మరేదీ పనిచేయదు కనుక మార్చడమా, తగ్గించడమా, అలాగే ఉంచడమా అన్నది నరాల వైద్యుడే తేల్చాలి. ఆ మార్పుకు వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. గర్భం రాకముందే పూర్తి కావాలి.

మీ ఫిర్యాదు విన్నాక నాకు నా కొట్టు గుర్తుకు వచ్చింది. పాత చీటీ చూపించి ఇదే మాత్ర తీసుకువెళ్లిన కొత్త పెళ్లికూతుళ్లకు నేనూ ఏమీ అడగకుండా లెక్క కట్టి ఇచ్చాను. ఎవరికి ఏమైందో నాకు తెలియదు. ఈ వారం నుంచి అడుగుతున్నాను.

గుణుపురం_అధ్యాపకుడు

డిగ్రీ కళాశాలలో జీవశాస్త్రం చెబుతాను. మేనరికం సంగతి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ ఒకవైపు భయం, మరోవైపు మొండితనం రెండూ కనిపిస్తున్నాయి.

మనలో ప్రతి ఒక్కరిలోనూ పనిచేయని జన్యువులు కొన్ని ఉంటాయి. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి కనుక, తండ్రి నుంచి వచ్చినది చెడితే తల్లి నుంచి వచ్చినది పని నడిపిస్తుంది, మనకు ఏ తేడా తెలియదు. భార్యాభర్తలు బంధువులైతే ఇద్దరికీ ఒకే తాత నుంచి అదే చెడిన ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే అందుతాయి. మేనమామ, మేనకోడలు తమ జన్యువులలో నాలుగో వంతు, మేనబావ మరదళ్లు ఎనిమిదో వంతు ఉమ్మడిగా పంచుకుంటారు. కనుక అక్క కూతురిని చేసుకోవడంలో ఉన్న ప్రమాదం, మామ కూతురిని చేసుకోవడం కంటే పెద్దది.

ఎంత పెద్దది అన్నది ముఖ్యం. బంధుత్వం లేని దంపతులకు నూటికి రెండు మూడు కాన్పుల్లో లోపం కనబడితే, మేనబావ మరదళ్లకు దానికి మరో రెండు మూడు కలుస్తుంది. అంటే నూటికి తొంభై నాలుగు, తొంభై అయిదు మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. జయపురం పెద్దాయన గారి ఇంట మూడు తరాలు అందుకే బాగున్నాయి. ఆ ఇల్లు బాగుంది కాబట్టి ప్రమాదమే లేదనడం మాత్రం సరి కాదు.

ఇక మహేంద్రతనయ గారి పాప విషయం. వెన్నుపాము చీలిక ఒక్క జన్యువు చెడిపోవడం వలన వచ్చేది కాదు. అనేక జన్యువులు, తల్లి శరీరంలో ఫోలిక్ యాసిడ్ కొరత, అదుపులో లేని మధుమేహం, కొన్ని మందులు కలిసి దానికి దారితీస్తాయి. మేనరికం వలన కొద్దిగా తోడ్పాటు ఉంటే ఉండవచ్చు. కాని ఎదురుగా వాల్ప్రోయేట్ ఉండగా మేనరికాన్ని ముందు నిలబెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఒకే బిడ్డలో ఇది వలన ఇంత, అది వలన ఇంత అని విడదీసి చూపే పరీక్ష ఏదీ లేదు.

జయపురం_పెద్దాయన

నాలుగింట ఒక వంతు అంటున్నారు. నలుగురు పిల్లలుంటే ఒకరికి తప్పక వస్తుందని అర్థమా?

గుణుపురం_అధ్యాపకుడు

కాదండీ. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలవుతుంది. నలుగురూ బాగుండవచ్చు, ఇద్దరికి రావచ్చు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదని అనుకోవడమే మన వైపు కుటుంబాలు చేసే పెద్ద పొరపాటు.

రాయగడ_ఏఎన్ఎమ్

పదకొండేళ్లుగా పల్లెల్లో గర్భిణులను నమోదు చేస్తున్నాను. ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక మాట ఉంది.

బిడ్డ వెన్ను నాళం గర్భం నిలిచిన ఇరవై ఎనిమిది రోజుల లోపలే మూసుకుంటుంది. నెల తప్పి రెండు వారాలు దాటేసరికి ఆ పని ముగిసిపోతుంది. మన ఆడవాళ్లు నాకు చెప్పేది మూడో నెలలో, ఒక్కొక్కప్పుడు నాలుగో నెలలో; ముందే చెబితే దిష్టి తగులుతుందని భయపడతారు. అప్పుడు నేను ఇచ్చే ఫోలిక్ యాసిడ్ రక్తానికి మేలు చేస్తుంది కాని వెన్నుకు ఆలస్యమైపోయింది. నేను ఇచ్చే మాత్ర వెన్నును కాపాడలేదని నాకు తెలిసి కూడా ఇస్తూ ఉండడం కష్టంగా ఉంటుంది.

పెళ్లయిన ప్రతి అమ్మాయీ గర్భం కోసం చూస్తున్న నాటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. ఒకసారి ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లికి ఇది చాలదు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వెలువరించిన అధ్యయనంలో, అలాంటి తల్లులు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు తీసుకుంటే, లోపం తిరిగి రావడం నూటికి డెబ్బై రెండు వంతులు తగ్గిందని తేలింది. మన దగ్గర 5 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది. మీ భార్య వైద్యురాలిని అడిగి ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. అయితే వాల్ప్రోయేట్ వలన వచ్చే లోపాన్ని ఫోలిక్ యాసిడ్ పూర్తిగా ఆపుతుందని నమ్మి మందు మార్పును వాయిదా వేయకండి. రెండూ జరగాలి.

మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. కోడలు మాత్ర వేసుకోకపోయి ఉంటే, కడుపులో బిడ్డతో పొయ్యి దగ్గరో బావి గట్టునో మూర్ఛ వచ్చి పడిపోయి ఉండేదేమో. ఆమె చేసినది తప్పు కాదు, వైద్యుడు చెప్పినట్లు నడుచుకోవడమే.

ధర్మాబాద్_కోడలు

నేను నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి రాస్తున్నాను. రాయగడ అక్క చెప్పిన రోజుల లెక్క నన్ను నిలబెట్టింది కనుక నా సంగతి చెబుతాను.

మా బాబు గ్రహణం మొర్రితో పుట్టాడు, పై పెదవి, అంగుడి రెండూ చీలి ఉన్నాయి. 2022 అక్టోబరు 25న, దీపావళి మరునాడు, సూర్యగ్రహణం పట్టింది. ఆ సాయంత్రం నేను వంకాయలు తరిగానని మా ఇంట్లో అందరికీ గుర్తుంది. బాబు జనవరిలో పుట్టగానే ఆ వంకాయల మాట బయటికి వచ్చింది. ఆరు నెలలపాటు మా అత్తగారు నాతో సరిగా మాట్లాడలేదు. నేను కూడా నా చేతులనే తిట్టుకున్నాను.

తరువాత శస్త్రచికిత్స చేసిన వైద్యుడు ఒక కాగితం మీద గీసి చూపించారు. పెదవి కలిసేది ఆరేడు వారాలకు, అంగుడి పన్నెండో వారానికల్లా మూసుకుంటుంది. గ్రహణం నాటికి నాకు ఏడో నెల. అంటే నేను కత్తి పట్టేసరికి ఆ పెదవి చీలిపోయి నాలుగు నెలలు దాటింది. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి మా అత్తగారి ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూశారు. మా మామగారి చెల్లెలికి కూడా చిన్న మొర్రి ఉండేదని, కుట్లు వేయించారని అప్పుడు చెప్పారు. అంతవరకు ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

బాబుకు నాలుగో నెలలో పెదవి, పదకొండో నెలలో అంగుడి సరిచేశారు. ఇప్పుడు అత్త అని స్పష్టంగా పిలుస్తున్నాడు, నన్ను కాదు, మా ఆడపడుచును.

బరంపురం_మందులకొట్టు

ధర్మాబాద్ అమ్మాయి చెప్పిన లెక్కే మందులకూ వర్తిస్తుంది. ఏ మందు అన్నది ఎంత ముఖ్యమో ఏ వారంలో అన్నదీ అంతే ముఖ్యం.

థాలిడోమైడ్ దీనికి పెద్ద సాక్ష్యం. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది, వేవిళ్లకు కూడా వాడారు. గర్భం నిలిచిన ఇరవయ్యో రోజు నుంచి ముప్పై ఆరో రోజు లోపల ఒకటి రెండు మాత్రలు వేసుకున్నా బిడ్డ చేతులు, కాళ్లు ఎదగలేదు. ఆ తరువాత వేసుకున్నవారి పిల్లలకు అలాంటి లోపం రాలేదు. 1961 నవంబరులో వెనక్కు తీసుకునేనాటికి లోకంలో పదివేల మందికి పైగా పిల్లలు బలయ్యారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి చాలినంత ఆధారం చూపలేదని దానికి అనుమతి నిరాకరించారు కనుక ఆ దేశం చాలావరకు తప్పించుకుంది. ఆ మందును ఇప్పటికీ కుష్ఠు రోగంలో వచ్చే ఒక రకం ప్రతిచర్యకు, రక్తంలో వచ్చే ఒక క్యాన్సర్‌కు కట్టుదిట్టంగా వాడుతున్నారు.

మన కొట్లలో దొరికేవే కొన్ని చెబుతాను. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ గర్భిణికి పడరాదు, ఆపిన తరువాత కూడా ఒక నెల ఆగాలి. సోరియాసిస్‌కు ఇచ్చే ఎసిట్రెటిన్ అయితే మూడేళ్లు ఆగాలి. గుండె కవాటం మార్చినవారు వాడే వార్ఫరిన్ ఆరు నుంచి పన్నెండో వారం మధ్య బిడ్డ ముక్కు ఎముకను, కీళ్లను దెబ్బతీస్తుంది. బీపీకి ఇచ్చే ఎనాలాప్రిల్ వంటివి నాలుగో నెల తరువాత బిడ్డ మూత్రపిండాలను పాడుచేస్తాయి. టెట్రాసైక్లిన్ జాతి మందులు బిడ్డ పళ్లకు పసుపు రంగు పట్టిస్తాయి. నా మనసును ఎక్కువగా కలచివేసేది మిసోప్రోస్టాల్. చీటీ లేకుండా కొని గర్భం పోగొట్టుకోవాలని చూసి, పోకపోతే బిడ్డను కనేవారు ఉన్నారు. అలా పుట్టినవారిలో కొందరికి ముఖ నరాలు పనిచేయక, నవ్వినా ముఖం కదలదు.

వేసుకున్న ప్రతివారికీ ఇలా జరుగుతుందని కాదు. తెలియక వేసుకున్నవారు భయపడి గర్భం తీయించుకోవద్దు. మాత్ర పేరు, మోతాదు, తేదీలు రాసుకుని వైద్యురాలికి చూపించండి.

బల్లార్షా_నివాసి

నిన్న తొందరపడి మాత్ర మాననివ్వండి అని రాశాను. ప్రమాదం తెలియక రాసిన మాట అది, వెనక్కు తీసుకుంటున్నాను. ఒక సందేహం. ఆడవారి మందుల గురించే అందరూ రాస్తున్నారు. మగవాడు వాడే మందుకు ఏమీ ఉండదా?

గుణుపురం_అధ్యాపకుడు

తక్కువే కాని అసలు లేదని చెప్పలేము. గర్భానికి ముందు మూడు నెలల్లో తండ్రి వాల్ప్రోయేట్ వాడితే బిడ్డ మానసిక ఎదుగుదలకు ఇబ్బంది రావచ్చని 2024లో ఐరోపా మందుల సంస్థ జాగ్రత్త చెప్పింది. ఆ ఆధారం ఇంకా బలంగా లేదు. అయినా వైద్యుడితో మాట్లాడవలసిన విషయమే.

సిరోంచ_ఉపాధ్యాయుడు

గడ్చిరోలి జిల్లా సిరోంచ మాది. మా ఊళ్లో తెలుగు, మరాఠీ, గోండి మూడూ వినిపిస్తాయి. ఇక్కడ మేనరికం ఒక్క తెలుగువారిదే కాదు. గోండు కుటుంబాల్లోనూ మేనత్త, మేనమామ పిల్లలకు పెళ్లి చేస్తారు. కనుక దీనిని తెలుగువారి తప్పుగా మాట్లాడడం మానుకుంటే మంచిది.

నేను చెప్పదలచుకున్నది బంధుత్వమే లేని ఇంటి సంగతి. మా తమ్ముడిదీ అతని భార్యదీ వేరు వేరు కులాలు, ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. వారి కొడుకుకు ఎనిమిదో నెలలో వేళ్లు వాచి ఏడుపు ఆగలేదు. అది ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ వ్యాధి. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఒక్కొక్క చెడిన ప్రతి ఉంది, వారికి ఏ బాధా లేదు. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతంలో ఒక్క ప్రతి ఉన్నవారిని ఆ జన్యువు కాపాడుతుంది కనుక తరతరాలుగా ఇక్కడ నిలిచిపోయింది. దూరపు సంబంధం చేసుకున్నామన్న ధీమా మా ఇంట్లో పనికిరాలేదు. పెళ్లికి ముందు ఒక రక్త పరీక్ష చేయించి ఉంటే తెలిసేది.

ఇప్పుడు 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో నలభై ఏళ్ల లోపువారికి పరీక్షలు చేస్తున్నారు. మా పాఠశాలలో పై తరగతుల పిల్లలందరికీ చేయించాను. జాతకాల పక్కన ఆ పరీక్ష ఫలితం రాసిన కార్డును కూడా పెట్టి చూసుకోండని తల్లిదండ్రులకు చెబుతున్నాను. ఇద్దరికీ ఒక్కొక్క ప్రతి ఉందని తేలితే పెళ్లి మానుకోవాలని కాదు. గర్భం వచ్చాక పది నుంచి పదమూడు వారాల మధ్య మాయ ముక్కను, లేదా పదిహేను వారాలు దాటాక ఉమ్మనీటిని తీసి బిడ్డను పరీక్షించే వీలు ఉంది.

మందుల కొట్టు పెద్దలకు ఒక ప్రశ్న. ఈ వ్యాధికి హైడ్రాక్సీయూరియా ఇస్తారు. మా ఊళ్లో ఆ మందు వాడే అమ్మాయిలు పెళ్లీడుకు వచ్చారు. వారి సంగతి ఏమిటి?

బరంపురం_మందులకొట్టు

మంచి ప్రశ్న. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఆ మందు పిండానికి హాని చేసింది కనుక, గర్భం కోసం చూసేముందు మూడు నెలల పాటు ఆపమని సాధారణంగా చెబుతారు. ఆపితే నొప్పులు తిరగబడవచ్చు. అందువలన రక్త వ్యాధుల వైద్యుడి చేతిలోనే అది జరగాలి. జన్యువుకూ మందుకూ మధ్య తల్లి నలిగే చోటు ఇది.

రాయగడ_ఏఎన్ఎమ్

సారా గురించి ఎవరూ రాయలేదు. మా కొండ గ్రామాల్లో పండుగకు ఆడవారు కూడా ఇప్పసారా తాగుతారు. అది వారి ఆచారం, నేను వెక్కిరించను. కాని గర్భిణి తాగితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, పై పెదవి పలుచబడుతుంది, బరువు తగ్గుతుంది. ఇంత వరకు ఫరవాలేదన్న హద్దు లేదు.

సిరోంచ_ఉపాధ్యాయుడు

మా జిల్లాలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. అయినా ఇప్పసారా ఇళ్లలో కాస్తూనే ఉన్నారు. తొమ్మిది నెలలు మాత్రం మానమని అత్తగార్లకు చెబితే కోడళ్లకు చెప్పినదానికంటే బాగా పనిచేస్తోంది.

జయపురం_పెద్దాయన

రెండు రోజులుగా ఈ మాటలన్నీ చదువుతున్నాను. మా ఇంట్లో ఒక్క బిడ్డ కూడా అవకరంతో పుట్టలేదని మొదట రాశాను. అది పూర్తి నిజం కాదు. నా చెల్లెలిని మా అమ్మ తన సొంత తమ్ముడికే ఇచ్చింది. దానికి నలుగురు పిల్లలు. ఇద్దరికి పుట్టుచెవుడు, మాట రాలేదు. మా ఇంటి పేరు చెప్పుకునేటప్పుడు ఆ ఇద్దరినీ లెక్కలోంచి తీసివేయడం మాకు ఎప్పుడు అలవాటైందో తెలియదు. నాగదోషమని పూజలు చేయించాము. చెల్లెలు పోయింది. ఆ పిల్లలకు ఇప్పుడు యాభై దాటాయి.

వారిలో చిన్నవాడి కూతురికి వచ్చే ఏడాది మా అన్నగారి మనవడితో సంబంధం అనుకుంటున్నారు. గుణుపురం అధ్యాపకుడు గారు దీనిలో ఏమి చూడాలో చెప్పాలి.

గుణుపురం_అధ్యాపకుడు

మీరు రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. మన వైపు మేనరికపు కుటుంబాల్లో పుట్టుచెవుడుకు కనెక్సిన్ 26 అనే ప్రోటీనుకు చెందిన జన్యువు ఒక ముఖ్య కారణం. ముందు చెవుడు ఉన్న ఆ ఇద్దరిలో ఒకరి రక్తం పరీక్షించి ఏ జన్యువు చెడిందో తెలుసుకోవాలి. అది తెలిశాక పెళ్లి చేసుకోబోయే ఇద్దరిలోనూ అదే ప్రతి ఉందా అని చూడడం తేలిక. ముందుది తెలియకుండా రెండోది చేస్తే డబ్బు పోతుంది కాని జవాబు రాదు. హైదరాబాదులో డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం, నిమ్స్ ఆసుపత్రి కలిసి జన్యు సలహా ఇస్తాయి. జయపురం నుంచి దూరమే, కాని మొదటిసారి కాగితాలు, వంశవృక్షం పట్టుకుని పెద్దవారు ఒక్కరే వెళ్లి మాట్లాడి రావచ్చు.

పెళ్లి ఆపమని నేను చెప్పడం లేదు.

జయపురం_పెద్దాయన

వంశవృక్షం నేనే గీస్తాను. ఆ ఇద్దరినీ వేసి గీస్తాను.

రాయగడ_ఏఎన్ఎమ్

మహేంద్రతనయ గారూ, పాపను జిల్లా ఆసుపత్రిలోని ముందస్తు చికిత్సా కేంద్రానికి తీసుకువెళ్లారా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిది ఏళ్ల వరకు పిల్లల పుట్టు లోపాలకు పరీక్ష, చికిత్స ఉచితం. వెన్నుపాము చీలిక ఆ జాబితాలో ఉంది. తల చుట్టుకొలత నెలనెలా కొలిపించండి, కొందరు పిల్లలకు తరువాత మెదడులో నీరు చేరుతుంది. తల్లి వాల్ప్రోయేట్ వాడినందున మాటలు, ఆట ఎలా వస్తున్నాయో కూడా చూపిస్తూ ఉండండి. ఆలస్యం కనబడితే తొందరగా శిక్షణ మొదలుపెట్టవచ్చు. పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయా?

మహేంద్రతనయ

ఎడమ పాదం తిరిగి ఉంది. వారానికొక పిండికట్టు వేస్తున్నారు, ఇది ఐదవది. తల కొలత సంగతి తెలియదు, అడుగుతాను.

పోయిన శుక్రవారం విశాఖపట్నంలో నరాల వైద్యురాలిని చూశాము. పాత చీటీలన్నీ తేదీల వారీగా పేర్చి తీసుకువెళ్లాను. నా భార్యకు వచ్చే మూర్ఛ రకానికి లెవెటిరాసెటామ్ సరిపోవచ్చునని చెప్పి, ముందు దానిని కలిపి, నాలుగు నెలల్లో వాల్ప్రోయేట్‌ను మెల్లగా తగ్గించే పట్టిక రాసిచ్చారు. ఆ తరువాత ఆరు నెలలు మూర్ఛ రాకుండా ఉంటే గర్భం గురించి ఆలోచించమన్నారు. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు మొదలైంది. గర్భం వస్తే పద్దెనిమిది, ఇరవై వారాల మధ్య వెన్నును ప్రత్యేకంగా చూసే స్కాన్ చేయించాలన్నారు.

మేనరికం గురించి కూడా అడిగాను. మా ఇరువైపులా మూడు తరాల వివరాలు రాసుకుని, వేరే జన్యు వ్యాధి గుర్తులేమీ లేవు కనుక ఇప్పటికి మందునే ముఖ్య కారణంగా తీసుకుంటున్నానని చెప్పారు. రాయగడ అక్క రాసిన మాటలను మా అమ్మకు చదివి వినిపించాను. పొయ్యి దగ్గరి మాట రాగానే ఆపమంది. మా మామయ్య ఇంట్లో పదిహేడో ఏట నా భార్య అలాగే పొయ్యి పక్కన పడిందట, చేయి మీద మచ్చ అదేనట. ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు.

నిన్న రాత్రి మాత్ర అమ్మే ఇచ్చింది.

ధర్మాబాద్_కోడలు

పాప పిండికట్టు తీసిన తరువాత రాత్రిపూట వేసే బూట్లు నాలుగేళ్ల వరకు మానకూడదని మా పక్కింటి బిడ్డకు చెప్పారు. మొదటి వారం బాగా ఏడుస్తారు. కట్టు తీసే రోజు ఎప్పుడు?

మహేంద్రతనయ

వచ్చే నెల మొదటి మంగళవారం. అమ్మ కూడా వస్తానంటోంది.